అలలను జయించిన డ్యూక్ కహనమోకు

పూరీ సముద్రతీరాన యాత్రికుల చేయి పట్టుకొని స్నానం చేయించే మన తెలుగు నోలియాలను మనలో చాలామంది చూచియుంటారు. కెరటం వస్తున్నదంటే మన గుండె ఝల్లుమంటుంది. వారికి మాత్రం సముద్రం ఇంటి వాకిలి వంటిది. అటువంటి వాకిటనే పుట్టి పెరిగి, లోకానికి అలలతో ఆడుకొనడం నేర్పిన మహనీయుడు డ్యూక్ కహనమోకు. ఈ ఉగాది నాడు ఆయన చరిత్రను స్మరించుకొనడం సముచితం.

ఆయన 1890 ఆగస్టు 24న పసిఫిక్ మహాసముద్ర మధ్యంలోని హవాయి దీవులలో, హొనలులు పట్టణంలో జన్మించాడు. డ్యూక్ అన్నది బిరుదు కాదు, పేరే. 1869లో ఎడింబరో డ్యూకు ఆ దీవులకు విచ్చేసిన జ్ఞాపకార్థం తండ్రికి పెట్టిన పేరు కుమారునికి కూడా వచ్చింది. తండ్రి పోలీసు ఉద్యోగి. డ్యూక్‌కు మూడేళ్లు నిండకముందే, 1893లో, వారి రాణి లిలియోకలాని సింహాసనం పోగొట్టుకొన్నది. 1898లో ఆ దీవులు అమెరికాలో కలిసిపోయినవి.

రాజ్యంతోపాటు మరొకటి కూడా పోయే స్థితికి వచ్చింది. పొడుగాటి చెక్కపలకపై నిలబడి కెరటం మీద ఒడ్డుకు దూసుకొనివచ్చే ఆట ఆ జాతికి తరతరాల ఆస్తి. రాజులు, సామాన్యులు, ఆడవారు, మగవారు అందరూ ఆడేవారు. దీనినే నేడు సర్ఫింగ్ అంటున్నారు. పైదేశాల నుండి వచ్చిన అంటురోగాలకు ప్రజలు వేలకు వేలుగా మరణించారు. 1820లో వచ్చిన మతప్రచారకులు ఆ ఆటను మెచ్చలేదు. పందొమ్మిదవ శతాబ్దం ముగిసేనాటికి అది అడుగంటింది. వైకికి తీరాన దానిని మళ్లీ నిలబెట్టిన యువకులలో డ్యూక్ ముఖ్యుడు. చదువు మధ్యలోనే ఆగిపోయినా సముద్రం ఆయనకు గురువైంది.

1911 ఆగస్టులో హొనలులు ఓడరేవులో జరిగిన పందెంలో ఆయన 100 గజాలు 55.4 సెకండ్లలో ఈదాడు. మలుపులు లేని ఈతలో అంతవరకున్న రికార్డుకన్న ఇది నాలుగు సెకండ్లకు పైగా తక్కువ. అమెరికాలోని పెద్దలు నమ్మలేదు. గడియారాలు తప్పనీ, నీటివాలు తోడ్పడిందనీ ఆ రికార్డును త్రోసిపుచ్చారు. డ్యూక్ వాదనకు దిగలేదు. ఊరివారు చందాలు పోగుచేసి ఆయనను అమెరికాకు పంపారు. మరుసటి ఏడు, 1912లో, స్టాక్‌హోం ఒలింపిక్ క్రీడలలో 100 మీటర్ల ఈతలో స్వర్ణపతకం గెలిచి సమాధానం చెప్పాడు.

1916 క్రీడలు ప్రపంచయుద్ధం వల్ల ఆగిపోయినవి. 1920లో ఆంట్‌వెర్ప్‌లో సరిగా తన 30వ జన్మదినాన ఆయన తుదిపోటీ గెలిచాడు. తనకు అడ్డు తగిలారని ఒక ఆస్ట్రేలియా ఈతగాడు ఫిర్యాదు చేయగా పోటీని మళ్లీ జరిపించారు. డ్యూక్ మళ్లీ గెలిచాడు! 1924లో పారిస్‌లో జానీ వైస్‌ముల్లర్‌కు మొదటి స్థానం, డ్యూక్‌కు రెండవది, ఆయన తమ్ముడు శామ్యూల్‌కు మూడవది లభించినవి.

పతకాలకంటె గొప్ప పని మరొకటి ఉన్నది. వెళ్లిన చోటల్లా ఆయన తన పూర్వుల ఆటను వెంట తీసుకొని వెళ్లాడు. 1914 చివర ఈతపోటీలకు ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు అక్కడ దొరికిన కలపతోనే పలక చెక్కి, సిడ్నీ సమీపాన ఫ్రెష్‌వాటర్ తీరంలో అలలపై నిలిచి చూపించాడు. జనం నివ్వెరపోయారు. ఆ పలకను నేటికీ అక్కడ భద్రపరచియున్నారు. కాలిఫోర్నియాలోనూ ఈ ఆట వ్యాప్తికి ఆయన మిక్కిలి తోడ్పడ్డాడు.

1925 జూన్ 14న కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ వద్ద 17 మందితో ఉన్న పడవ పెనుకెరటాలకు బోల్తాపడింది. డ్యూక్ తన పలకపై మళ్లీ మళ్లీ వెళ్లి ఎనిమిది మందిని ఒడ్డుకు చేర్చాడు. మిత్రులు మరి నలుగురిని రక్షించారు. అయిదుగురు దక్కలేదు. వినోదానికి పుట్టిన పలక ఆనాడు ప్రాణదాత అయింది.

ఇంత కీర్తి వచ్చినా కడుపు నింపుకొనడం సులభం కాలేదు. ఈతకు డబ్బు పుచ్చుకొంటే పోటీలకు అనర్హుడని ఆనాటి నిబంధన. సినిమాలలో చిన్న వేషాలు వేశాడు. పెట్రోలు బంకు నడిపాడు. 1934లో హొనలులు ప్రజలు ఆయనను షెరీఫుగా ఎన్నుకొన్నారు. పాతికేళ్లు ఆయననే మళ్లీ మళ్లీ ఎన్నుకొన్నారు. 1940లో నడీన్ అనే నాట్యోపాధ్యాయినిని వివాహమాడాడు.

1968 జనవరి 22న ఆయన కన్నుమూశాడు. చితాభస్మాన్ని వైకికి వద్ద సముద్రంలోనే కలిపారు. 1990లో ఆ తీరాన ఆయన కాంస్యవిగ్రహం వెలసింది. 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో సర్ఫింగ్‌కు తొలిసారి స్థానం లభించగా, స్త్రీలలో ప్రథమ స్వర్ణం గెలిచిన కరిస్సా మూర్ కూడా హొనలులు బిడ్డయే.

ఆయన జాతి చేతినుండి రాజ్యం పోయింది. ఆట మాత్రం లోకమంతా వ్యాపించింది. దానిని ఆయన దాచుకొనలేదు, అడిగినవారికెల్లా నేర్పాడు. పొట్టకూటికి సొంతగడ్డ విడిచి వచ్చిన మనకు ఇందులో నేర్చుకొనదగినది ఉన్నది. మన పిల్లలకు మన మాట, మన పాట నేర్పుదాం. ఇరుగుపొరుగువారు ముచ్చటపడితే వారికీ పంచుదాం. ఈ ఉగాది అందరికీ శుభం చేకూర్చుగాక!