నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా సాహెబ్

జనగామలోనైనా, మహబూబాబాదులోనైనా, భూపాలపల్లిలోనైనా పందిట్లో సన్నాయి, వీధిలో బ్యాండు మేళం మనకు చిరపరిచితములే. రెండింటా ఊదువాద్యములే గాని, శ్రుతిని నిలుపుకొనే మార్గం మాత్రం దేనికదే. ఆ భేదం గ్రహించిన వారికి షేక్ చినమౌలానా సాహెబ్ గారి సాధన ఎంత కష్టతరమైనదో బోధపడుతుంది.

వారు 1924 మే 12న ఒంగోలు సమీపంలోని కరవదిలో జన్మించారు. తరతరాలుగా నాదస్వరమే వృత్తిగా గల ముస్లిం కుటుంబం వారిది. తండ్రి కాసిం సాహెబ్ గారే తొలి గురువు. పిమ్మట చిలకలూరిపేటకు చెందిన షేక్ ఆదం సాహెబ్ గారి వద్ద శిష్యరికం చేశారు.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పవలసి యున్నది. రుచించని మిత్రులు ఓపిక పట్టుదురు గాక! పాశ్చాత్యుల ట్యూబా అనే పెద్ద ఇత్తడి బూరల్లో కొన్నింటికి మూడే వాల్వులుంటవి. వాల్వు నొక్కితే గాలి నడిచే గొట్టం పొడవై, ధ్వని దిగుతుంది. రెండవ వాల్వు ఒక స్వరస్థానం, మొదటిది రెండు, మూడవది మూడు దింపుతవి. గొట్టం 100 అంగుళాలనుకొంటే మొదటి వాల్వు సుమారు 12, మూడవది 19 అంగుళాలు చేర్చవలెను. రెండూ కలిపి నొక్కితే 31 అంగుళాలే చేరుతవి. కాని అయిదు స్వరస్థానాలు దిగవలెనంటే 33న్నర కావలెను! అందుచేత ధ్వని హెచ్చుగా పలుకుతుంది. మూడూ కలిపి నొక్కినప్పుడు దోషం ఇంకా పెరుగుతుంది. ఈ లోపం తీర్చడానికి నాలుగవ వాల్వు తోడ్పడుతుంది. మొదటి, మూడవ వాల్వుల జంటకు బదులు అదొక్కటే నొక్కితే చాలు. అయితే దాని దిగువ స్వరాలకు మరల గొట్టం చాలదు. అందుకు అయిదవ వాల్వు! వాల్వు పెరిగిన కొద్దీ వాద్యకారుని వ్రేళ్ళకు కొత్త పాఠం తప్పదు.

నాదస్వరానికి ఇట్టి సదుపాయం లేదు. వ్రేళ్ళాడే రంధ్రాలు ఏడు. వాటి క్రింద మరి ఐదు రంధ్రాలున్నా వాటిపై వ్రేళ్ళుండవు. వాటిని మైనంతో పూడ్చి వాద్యపు శ్రుతిని సరిచూసుకొంటారు. స్వరానికీ స్వరానికీ నడుమ నున్న స్థానాలను పలికించడానికి రంధ్రాన్ని సగం మూయవలెను, రెల్లు పీకపై పెదవుల ఒత్తిడిని మార్చవలెను, ఊపిరిని అదుపు చేయవలెను. ఇత్తడి బూరకు యంత్రం చేసే పనిని ఇక్కడ మనిషి పెదవులే చేయవలె నన్నమాట. గమకాలు నిండిన రాగాలాపనలో వ్రేలు సరిగా పడినా, ఊపిరి తడబడితే రాగమే చెడుతుంది.

తంజావూరు సీమలో టి. ఎన్. రాజరత్నం పిళ్ళై గారు పొడవైన, మంద్రధ్వని గల నాదస్వరానికి ప్రాచుర్యం కల్పించి, విస్తారమైన రాగాలాపనకు పేరొందారు. ఆ బాణీ మౌలానా గారిని ఆకర్షించింది. చిలకలూరిపేట విద్య చేతిలో ఉండగానే, నాచియార్‌కోయిల్ సోదరులైన రాజం, దురైకణ్ణు పిళ్ళైల వద్ద తిరిగి విద్యార్థి యైనారు. నేర్చినదానిపై మరల నేర్చుట ఎంత సాహసమో, అలవాటు పడిన వ్రేళ్ళను మార్చుకో ప్రయత్నించిన వారికే తెలుస్తుంది. నా దృష్టిలో వారి జీవితంలోని అతి పెద్ద ఘట్టం ఏ సన్మానమూ కాదు, ఇదే.

తరువాత శ్రీరంగంలో స్థిరపడి, శారదా నాదస్వర సంగీత ఆశ్రమాన్ని నెలకొల్పారు. స్వమతాన్ని విడువకయే త్యాగరాజ కృతులను భక్తితో వాయించారు. అందులో వైరుధ్యం వారికి కనిపించలేదు, శ్రోతలకూ కనిపించలేదు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదం లభించినవి. 1999 ఏప్రిల్ 13న శ్రీరంగంలోనే కన్నుమూశారు. వారి వద్ద నేర్చిన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు.