స్కైలాబ్‌ను నిలబెట్టిన వ్యోమగామి పీట్ కాన్రాడ్

1979 జూలైలో తెలుగునాట స్కైలాబ్ అనే మాట వినని పల్లె అరుదు. ఆకాశంలో తిరుగుతున్న అమెరికా అంతరిక్ష కేంద్రం ఎక్కడ కూలుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేని రోజులవి. బతికేది ఇక ఎన్నాళ్లోనన్న భయంతో కోళ్లను, మేకలను కోసుకుని తిన్న ఊళ్లున్నాయి. దాచుకున్న సొమ్మంతా ఖర్చు చేసినవారున్నారు. ఆ రోజుల్లో పుట్టిన కొందరు పిల్లలకు స్కైలాబ్ అనే పేరే పెట్టారు. చివరకు జూలై 11న దాని శకలాలు హిందూ మహాసముద్రంలోను, పశ్చిమ ఆస్ట్రేలియాలోను పడ్డాయి. ఎవరికీ ప్రాణహాని జరగలేదు.

నిజానికి ఆ కేంద్రం అంతకు ఆరేళ్ల క్రితమే, ప్రయోగించిన తొలి నిమిషాల్లోనే, పనికిరాకుండా పోవలసింది. అలా పోనివ్వకుండా చేతి పనిముట్లతో దానిని బాగుచేసి, మనుషులు నివసించడానికి అనువుగా మార్చిన బృందానికి నాయకుడు చార్లెస్ కాన్రాడ్. లోకం ఆయనను పీట్ అని పిలిచింది. చంద్రునిపై నడిచిన మూడో మనిషిగా ఆయన పేరు చరిత్రకెక్కింది. ఆయనకు మాత్రం చంద్రయాత్ర కన్నా స్కైలాబ్‌లో చేసిన పనే ఎక్కువ తృప్తినిచ్చింది.

చదువులో తడబాటు, యంత్రాలపై పట్టు

కాన్రాడ్ 1930 జూన్ 2న ఫిలడెల్ఫియాలో జన్మించారు. సంపన్న కుటుంబమే అయినా, ఆర్థిక మాంద్యంలో ఆ సంపద కరిగిపోయింది. తర్వాత తండ్రి కుటుంబాన్ని విడిచి వెళ్లారు. బాలుడికి చదవడమే పెద్ద పరీక్ష అయింది. అక్షరాలను, పదాలను పోల్చుకోవడంలో తడబాటు కలిగించే డిస్లెక్సియా ఆయనకు ఉండేది. దాని గురించి ఉపాధ్యాయులకు అంతగా అవగాహన లేని కాలమది. పరీక్షలు తప్పడంతో, పేరున్న హావర్‌ఫర్డ్ పాఠశాల ఆయనను బయటకు పంపింది.

తల్లి మాత్రం కుమారుడికి తెలివి లేదన్న మాటను అంగీకరించలేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని డారో పాఠశాలలో చేర్పించారు. అక్కడ ఒక విషయాన్ని ముక్కలుగా విడదీసి, ఒక పద్ధతి ప్రకారం అర్థం చేసుకునే మార్గం ఆయనకు దొరికింది. తప్పిన తరగతినే మళ్లీ చదివి మంచి ఫలితాలతో బయటికొచ్చారు. నౌకాదళ ఉపకార వేతనంతో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో చేరి, 1953లో విమాన ఇంజినీరింగ్ పట్టా అందుకున్నారు.

పుస్తకాల దగ్గర తడబడిన ఆ కుర్రవాడు యంత్రాల దగ్గర ఎన్నడూ తడబడలేదు. ఇంటికి దగ్గర్లోని పావోలీ విమాన క్షేత్రంలో చిన్నాచితకా పనులు చేస్తూ, కూలికి బదులుగా విమానంలో తిరిగేవారు. పదహారేళ్ల వయసులో, ఒక శిక్షకుడి విమానం దూరంగా ఎక్కడో అత్యవసరంగా దిగిపోయిందని తెలిసి, కారులో అక్కడికి వెళ్లి ఒంటరిగా దానిని మరమ్మతు చేశారు. అందుకు ప్రతిఫలంగా ఆ శిక్షకుడు ఆయనకు విమానం నడపడం నేర్పించారు. కళాశాల చదువు పూర్తయ్యాక నౌకాదళంలో చేరిన కాన్రాడ్, కొద్ది కాలంలోనే కొత్త విమానాలను పరీక్షించే టెస్ట్ పైలట్ స్థాయికి ఎదిగారు.

తగరన్న తీర్పు

1959లో నాసా తన తొలి వ్యోమగాముల ఎంపిక ప్రారంభించింది. అభ్యర్థులను రోజుల తరబడి వైద్య పరీక్షలకు గురిచేశారు. వాటిలో చాలావాటిని ఎందుకు చేస్తున్నారో కూడా చెప్పలేదు. మనిషిని మనిషిగా చూడని ఆ తీరును కాన్రాడ్ సహించలేదు. విసిగిపోయి ఒక పరీక్షకు వాడిన సామగ్రిని తీసుకెళ్లి అధికారి బల్లపై పెట్టి బయటకు నడిచారు. ఫలితంగా ఎంపిక కాలేదు. దీర్ఘకాల అంతరిక్ష యానానికి ఆయన తగరన్న వ్యాఖ్య కూడా దస్త్రంలో చేరింది.

మూడేళ్ల తర్వాత, 1962లో రెండో బృందానికి ఆయన ఎంపికయ్యారు. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, జేమ్స్ లోవెల్, జాన్ యంగ్ వంటివారు అందులో ఆయన సహచరులు. 1965 ఆగస్టులో గోర్డన్ కూపర్‌తో కలిసి జెమిని-5 నౌకలో దాదాపు ఎనిమిది రోజులు గడిపారు. అంతవరకు అంతరిక్షంలో అంతకాలం ఎవరూ ఉండలేదు. దీర్ఘయానానికి తగరని ఒకప్పుడు తిరస్కరణకు గురైన వ్యక్తే ఆ రికార్డులో భాగస్వామి అయ్యారు. మరుసటి ఏడాది జెమిని-11లో రిచర్డ్ గోర్డన్‌తో కలిసి 1,369 కిలోమీటర్ల ఎత్తుకు చేరారు.

1969 నవంబరు 14న అపోలో-12 నాయకుడిగా చంద్రునివైపు బయలుదేరారు. రాకెట్ పైకి లేచిన తొలి నిమిషంలోనే దానిపై రెండుసార్లు పిడుగు పడింది. నౌకలోని హెచ్చరిక దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. భూకేంద్రంలోని ఒక యువ ఇంజినీరు సూచించిన మీటను సహచరుడు అలన్ బీన్ మార్చడంతో పరిస్థితి అదుపులోకి వచ్చింది. ఆ గందరగోళంలోనూ కాన్రాడ్ నిబ్బరం కోల్పోలేదు. ఐదు రోజుల తర్వాత, అంతకు రెండున్నరేళ్ల ముందు చంద్రునిపై దిగిన సర్వేయర్-3 యంత్రానికి రెండు వందల మీటర్లలోపే తమ నౌకను దించారు. చంద్రునిపై తొలి అడుగు వేస్తూ తన పొట్టితనంపై తానే చమత్కరించి, మాట్లాడే మాటలు ఎవరూ రాసివ్వరని ఒక పాత్రికేయురాలితో వేసిన పందెం నెగ్గారు. పందెం సొమ్ము మాత్రం చేతికి రాలేదు.

63 సెకన్లలో తలకిందులైన పథకం

1973 మే 14న అమెరికా తన మొదటి అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌ను, మనుషులు లేకుండా, శాటర్న్-5 రాకెట్‌పై ప్రయోగించింది. శాటర్న్ రాకెట్‌లోని మూడో దశనే ఇల్లుగా మలిచిన నిర్మాణమది. దాదాపు 435 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ ఒక్కో దఫా ముగ్గురికి నివాసం కల్పించాలన్నది ఆలోచన. మరునాడే కాన్రాడ్, వైద్యుడు జోసెఫ్ కెర్విన్, పైలట్ పాల్ వైట్జ్ అక్కడికి వెళ్లవలసి ఉంది.

రాకెట్ లేచిన 63 సెకన్లకు కేంద్రం పైకవచం ఊడిపోయింది. సూక్ష్మ ఉల్కల నుంచి కాపాడవలసిందీ, ఎండకు నీడగా నిలవవలసిందీ అదే. పోతూపోతూ అది రెండు సౌర రెక్కల్లో ఒకదాని ఊడిపోవడానికి కారణమైంది. రెండో రెక్కపై కవచం తాలూకు లోహపు పట్టీ చిక్కుకుని అది విచ్చుకోకుండా ఆపేసింది. నీడ లేని కేంద్రం లోపల ఉష్ణోగ్రత 50 డిగ్రీల సెల్సియస్ దాటింది. నిల్వ ఉంచిన ఆహారం, మందులు, ఫిల్ములు చెడిపోయే ప్రమాదం ఏర్పడింది. వేడికి గోడల్లోని పదార్థాల నుంచి విషవాయువులు వెలువడవచ్చన్న అనుమానమూ కలిగింది. మిగిలిన చిన్న సౌర ఫలకాలను సూర్యుని వైపు తిప్పితే విద్యుత్తు వస్తుంది గాని కేంద్రం మరింత కాగుతుంది. పక్కకు తిప్పితే చల్లబడుతుంది గాని విద్యుత్తు చాలదు. భూమిపై ఉన్న ఇంజినీర్లు ఈ రెంటి మధ్య పది రోజులపాటు దానిని అటూ ఇటూ తిప్పుతూ కాపాడారు.

ఆ పది రోజుల్లోనే మరమ్మతు సామగ్రి సిద్ధమైంది. హ్యూస్టన్‌లోని ఒక సాంకేతిక నిపుణుడు చేపలు పట్టే మడత కర్రలతో నమూనా చేసి, గొడుగులా విచ్చుకునే నీడను రూపొందించారు. విద్యుత్ స్తంభాలపై పనిచేసే లైన్‌మన్లు వాడే తరహా కత్తెరలను సమకూర్చారు. హంట్స్‌విల్‌లోని పెద్ద నీటి తొట్టిలో వాటిని వాడి చూశారు.

ఆకాశంలో మరమ్మతు

మే 25న ముగ్గురూ బయలుదేరారు. కేంద్రాన్ని చేరి చుట్టూ తిరిగి చూశారు. కాన్రాడ్ నౌకను కేంద్రానికి అతి దగ్గరగా నిలపగా, వైట్జ్ తలుపు నుంచి సగం బయటకు నిలబడి కొక్కెం తగిలించిన కర్రతో చిక్కిన రెక్కను లాగారు. ఆయన కాళ్లను లోపలి నుంచి కెర్విన్ పట్టుకున్నారు. రెక్క కదల్లేదు. ఆ తర్వాత కేంద్రంతో అనుసంధానం కావడానికి చేసిన ప్రయత్నాలు ఒకదాని వెంట ఒకటి విఫలమయ్యాయి. మళ్లీ స్పేస్‌సూట్లు తొడుక్కుని, నౌకలోని గాలిని బయటకు వదిలి, అనుసంధాన యంత్రాన్ని విప్పి తీగలను మార్చి కలిపాక గాని నౌక కేంద్రానికి అతుక్కోలేదు. అప్పటికి ఆ రోజు పని మొదలై దాదాపు ఒక పూర్తి దినం గడిచింది.

మరునాడు లోపలి గాలిని పరీక్షించి, విషవాయువులు లేవని తేల్చుకుని ప్రవేశించారు. గోడలోని ఒక చిన్న ద్వారం గుండా గొడుగును బయటకు నెట్టి విప్పారు. అది పూర్తిగా చదునుగా పరుచుకోకపోయినా పని చేసింది. కొద్ది రోజుల్లోనే కేంద్రం నివాసయోగ్యంగా చల్లబడింది. అయితే విద్యుత్తు కొరత తీరలేదు. మిగిలిన ఆ ఒక్క రెక్క విచ్చుకోకపోతే తర్వాతి యాత్రలకే ముప్పు.

జూన్ 7న కాన్రాడ్, కెర్విన్ కేంద్రం వెలుపలికి వెళ్లారు. ఆ వైపు మరమ్మతు అవసరమవుతుందని ఎవరూ ఊహించనందున పట్టుకోవడానికి పిడులు లేవు, కాలు ఆనించడానికి ఆధారం లేదు. ఏడు మీటర్లకు పైగా పొడవున్న కర్ర చివర కత్తెర బిగించి, దానిని లోహపు పట్టీకి తగిలించడానికే చాలాసేపు శ్రమపడ్డారు. కెర్విన్ తన తాడును పొట్టిగా చేసి, ఒక చోట బిగించుకున్నాక చేయి నిలకడగా ఆడింది. ఆ కర్రనే పట్టుకుని కాన్రాడ్ చేతుల మీద రెక్క వరకు పాకారు. పట్టీ తెగింది. అయినా రెక్క పూర్తిగా విచ్చుకోలేదు. దాని కీలు దగ్గరి భాగం చలికి బిగుసుకుపోయింది. చివరకు రెక్కకు కట్టిన తాడు కిందకు ఇద్దరూ దూరి, భుజాలపై వేసుకుని, కాళ్లు తన్నిపెట్టి ఒక్కసారిగా పైకి లేచారు. బిగుసుకున్న కీలు విరిగింది. ఆ అదురుకు ఇద్దరూ శూన్యంలోకి విసిరివేసినట్టు ఎగిరారు. నడుముకున్న తాళ్లు వారిని ఆపాయి. వెనుదిరిగి చూసేసరికి రెక్క తెరుచుకుంటోంది. స్కైలాబ్ బతికింది.

ఇరవై ఎనిమిది రోజుల కాపురం

తర్వాత అక్కడి జీవితం ఒక క్రమంలో పడింది. త్రికోణాకారపు బల్ల చుట్టూ ముగ్గురూ భోంచేసేవారు. అలాంటి బల్లకు పెద్దపీట అంటూ ఉండదు. గోడలకు నిలువుగా తగిలించిన సంచుల్లో నిద్రించేవారు. స్నానానికి ఏర్పాటు ఉన్నా, చుక్క నీరు గాలిలో మిగలకుండా పీల్చి శుభ్రం చేయడానికి చాలా సమయం పట్టేది. సుమారు గంటన్నరకు ఒకసారి సూర్యోదయం కనిపించేది. వర్తులాకారపు గోడ వెంబడి, భారమే లేని చోట, కాన్రాడ్ పరుగులు తీసేవారు. స్థిర సైకిల్‌పై వ్యాయామం, రక్త పరీక్షలు, తిన్న ప్రతి ముద్దకు లెక్క రోజువారీ విధుల్లో భాగమయ్యాయి. ఒకప్పుడు వైద్య పరీక్షలపై తిరగబడిన మనిషి ఇక్కడ వాటికి ఇష్టపూర్వకంగా తన దేహాన్ని అప్పగించారు. ఈసారి వాటి ప్రయోజనం ఆయనకు స్పష్టంగా తెలుసు.

సూర్యుణ్ని పరిశీలించే టెలిస్కోపుల ద్వారా జూన్ 15న వైట్జ్ ఒక సౌరజ్వాలను చిత్రించారు. జూన్ 19న మరోసారి బయటకు వెళ్లినప్పుడు, పనిచేయని బ్యాటరీ పరికరాన్ని కాన్రాడ్ సుత్తితో ఒక దెబ్బ వేసి నడిపించారు. జూన్ 22న 28 రోజుల యాత్ర ముగించుకుని ముగ్గురూ పసిఫిక్ సముద్రంలో దిగారు. అంతకు ముందు అత్యధిక కాలం సుమారు 23 రోజులు. ఆ రికార్డు నెలకొల్పిన ముగ్గురు సోవియట్ వ్యోమగాములు 1971లో సాల్యూట్ కేంద్రం నుంచి తిరిగొస్తూ ప్రాణాలు కోల్పోయారు. ఆ విషాదం తర్వాత, మనిషి నెల రోజులు కక్ష్యలో ఉండి క్షేమంగా రాగలడని తేలడం సామాన్య విషయం కాదు. కాన్రాడ్ బాగుచేసిన కేంద్రంలోనే తర్వాత అలన్ బీన్ బృందం 59 రోజులు, మూడో బృందం 84 రోజులు గడిపాయి.

చివరి మజిలీ

అదే ఏడాది కాన్రాడ్ నాసాను, నౌకాదళాన్ని వీడారు. తర్వాత మెక్‌డొనెల్ డగ్లస్ సంస్థలో పనిచేశారు. 1978లో అమెరికా ఆయనకు కాంగ్రెస్ అంతరిక్ష గౌరవ పతకం ప్రదానం చేసింది. ఖాళీగా తిరుగుతున్న స్కైలాబ్‌ను పైకక్ష్యకు చేర్చవలసిన స్పేస్ షటిల్ సకాలంలో సిద్ధం కాలేదు. సూర్యుని తీవ్రత పెరిగి పైవాతావరణం వ్యాకోచించడంతో కేంద్రం అనుకున్నదానికన్నా ముందే దిగజారి, 1979లో నేలకూలింది. 1990లో కాన్రాడ్‌కు మరో దెబ్బ తగిలింది. నలుగురు కుమారుల్లో చిన్నవాడు క్యాన్సర్‌తో మరణించాడు. అయినా ఆయన పనికి దూరం కాలేదు. 1993లో, నిలువుగా లేచి నిలువుగానే దిగే డీసీ-ఎక్స్ ప్రయోగాత్మక రాకెట్‌ను భూమిపై నుంచి నడిపించారు.

1999 జూలై 8న కాలిఫోర్నియాలోని ఓజాయ్ సమీపంలో మోటారు సైకిల్‌పై వెళ్తూ మలుపు వద్ద అదుపు తప్పి గాయపడి, 69వ ఏట మరణించారు. స్కైలాబ్ కూలి ఇరవై ఏళ్లు నిండడానికి మరో మూడు రోజులే ఉంది. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో ఆయనను ఖననం చేశారు.

కక్ష్యలో పాడైన యంత్రాన్ని కక్ష్యలోనే మనిషి బాగుచేయగలడని తొలిసారి ఇంత పెద్ద ఎత్తున రుజువైంది స్కైలాబ్‌లోనే. హబుల్ టెలిస్కోప్ మరమ్మతులూ, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నిర్వహణా ఆ బాటలో సాగినవే. సొంత అంతరిక్ష కేంద్రాన్ని 2035 నాటికి నెలకొల్పాలని లక్ష్యం పెట్టుకున్న భారతదేశానికి కూడా ఆ అనుభవం పనికొస్తుంది.

హ్యూస్టన్‌లోని జాన్సన్ అంతరిక్ష కేంద్రంలో, మరణించిన వ్యోమగాముల జ్ఞాపకార్థం నాటిన చెట్ల వనం ఒకటి ఉంది. ఏటా క్రిస్మస్ వేళ ఆ చెట్లన్నిటికీ తెల్లని దీపాలు అలంకరిస్తారు. ఒక్క చెట్టుకు మాత్రం ఎర్ర దీపాలు వెలుగుతాయి. రంగులు లేని జీవితాన్ని ఇష్టపడని మిత్రునికి తెల్ల దీపాలు నప్పవని అలన్ బీన్ చేసిన సూచన మేరకు ఏర్పడిన ఆనవాయితీ అది. ఆ చెట్టు పీట్ కాన్రాడ్‌ది.