బడి పుస్తకం కోసం పోరాడిన గిడుగు

గిడుగు వెంకట రామమూర్తి పంతులు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి మరణించగా విజయనగరంలో మేనమామ ఇంట ఉండి చదువుకున్నారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. పర్లాకిమిడి అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది.

పర్లాకిమిడి కొండల్లోని సవరల పిల్లలకు వారి భాషలో ఒక్క పుస్తకమూ లేదు. ఆ భాష తెలిసిన వ్యక్తిని ఇంట ఉంచుకొని రామమూర్తి సవర నేర్చుకున్నారు. సవర వాచకాలు తయారు చేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి ఉపాధ్యాయులకు జీతాలిచ్చారు. కొండల్లో తిరిగినందుకు మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. మనుషులు మాట్లాడే భాష కోసం జీవితమంతా వాదించిన మనిషికి ఆ మాటే వినపడకుండా పోవడం విధి వైపరీత్యం.

తెలుగు పిల్లల పరిస్థితి ఇంతకంటే మెరుగేమీ కాదని ఆయనకు క్రమంగా బోధపడింది. ఇంట్లో తల్లి మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో వాచకం తెలుగు మరొకటి. 1911లో ఉద్యోగ విరమణ చేసి పూర్తికాలం ఈ పోరులోకి దిగారు. 1912-13లో స్కూలు ఫైనలు విద్యార్థులు వ్యాసాన్ని గ్రాంథికంలోగాని వాడుకభాషలోగాని వ్రాయవచ్చని అధికారులు అనుమతించారు. వాడుకభాషకు మచ్చుగా ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రను చూపారు. ఆ ఉత్తర్వుతో దుమారం చెలరేగింది. జయంతి రామయ్య పంతులు నాయకత్వాన పండితులు ప్రతిఘటించారు. జిల్లాకొక తెలుగు పుస్తకాలకెక్కితే భాష ముక్కలవుతుందన్నది వారి భయం. అది బొత్తిగా తీసిపారేయవలసిన వాదమూ కాదు. అయితే వాదమంతా పండితుల మధ్య, అధికారుల మధ్యనే సాగింది. జీతం కట్టి పిల్లవాణ్ణి బడికి పంపే తండ్రిని అడిగినవారు అరుదు. వాచకం చదివి వినిపిస్తే అర్థం కాని తల్లి మాట అసలే రాలేదు. 1915 నాటికి ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

రామమూర్తి మాత్రం తగ్గలేదు. 1919లో 'తెలుగు' అనే పత్రిక నడిపారు. ఊరూరా తిరిగి, పూర్వకవుల గ్రంథాల నుంచే ప్రయోగాలు తీసి, పండితుల వ్రాతల్లోని తప్పులను వారికే చూపారు. 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వాడుకభాషపై నిషేధాన్ని ఎత్తివేసింది. పాఠ్యపుస్తకాలు పూర్తిగా మారడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. బరంపురం, పర్లాకిమిడి అందులో చేరాయి. తెలుగు బడుల గతి ఏమవుతుందోనని సరిహద్దు గ్రామాల వారు తలపట్టుకున్న రోజులవి. అర్ధశతాబ్దానికి పైగా నివసించిన పర్లాకిమిడిని విడిచి, డెబ్బయి రెండేళ్ల వయసులో రామమూర్తి రాజమహేంద్రవరం చేరుకున్నారు. సవర పని అక్కడా ఆగలేదు. 1938లో ఆయన సవర నిఘంటువు వెలువడింది. 1940 జనవరి 22న కన్నుమూశారు.