చదరంగపు తిమ్మన్న

పెనుకొండకు బోయి గగనమహలును జూచిన వారెవ్వరును శ్రీకృష్ణదేవరాయలను దలంపక మానరు. ఆయన గెలిచిన యుద్ధములను గూర్చి మన బాలురు పాఠములందు చదువుచునే యున్నారు. కాని యా మహారాజు పలుమాఱు లోడిపోయిన రణరంగ మొకటి గలదు. అది యఱువదినాలుగు గళ్ల బల్ల. అందాయన నోడించినవాడు బొడ్డుచర్ల తిమ్మన్న. అతని చరిత్రమును మా చదువరులకు విన్నవింప దలంచితిమి.

పారిజాతాపహరణమును రచించిన నంది తిమ్మన వేఱు, ఈ తిమ్మన్న వేఱు. ఇరువురును రాయల కాలమువారే యగుటచే బాలురు పొరపడకుందురుగాక. రాయలు 1509 మొదలు 1529 వఱకు రాజ్యమేలెను. ఆయనకు కావ్యగోష్ఠియం దెంత ప్రీతియో చదరంగమునందు నంత ప్రీతి యని ప్రతీతి.

చదరంగము మన దేశమున బుట్టిన యాట. చతురంగబలము లనగా రథ గజ తురగ పదాతులు. ప్రాచీన పద్ధతిలో మంత్రి మూలగా నొక్క గడి మాత్రమే కదలువాడు. ఇప్పటివలె బల్ల యంతయు దిరుగు శక్తి మంత్రికి వచ్చినది 15వ శతాబ్దపు చివర, ఐరోపా ఖండమున. మన నాటి యాటలో సామాన్యముగా బంటు మొదటి యెత్తున రెండు గళ్లు నడచుటయు లేదు. కావున నాట మెల్లగా సాగును. ఓర్పును దూరదృష్టియు లేనివాడు గెలువజాలడు.

అట్టి యాటలో తిమ్మన్నకు సాటి లేకుండెను. నూర్గు రొక్కటై యెదిర్చినను చలింపక, రాయలతో నాడి గెలుచువాడని యతనిగూర్చి తెలుగునాట చాటువు ప్రచారమందున్నది. ఇందు మేము గమనింపవలసినది కేవలము నేర్పు గాదు. ఎదుట గూర్చున్నవాడు సామ్రాజ్యాధిపతి. ఆయన కనుసన్నచే సిరులు గలుగును, కనుబొమ ముడిచే నవి తొలగును. అట్టివానికి బుద్ధిపూర్వకముగా నోడిపోయి మెప్పు బడయుట సులభమైన మార్గము. తిమ్మన్న యా మార్గమును ద్రొక్కలేదు. రాజును రాజుగా గౌరవించెను. ఆటను ఆటగా ఆడెను.

రాయల గొప్పతనమును తక్కువది గాదు. తన్నోడించినవానిపై నలుగక, ఆ నైపుణ్యమునకు మెచ్చి, కొప్పోలు గ్రామము నగ్రహారముగా నొసగెనని చెప్పుదురు. కవికి, పండితునికి అగ్రహారము లిచ్చుట మనము వినియున్నాము. చదరంగమునకై యూరినే యిచ్చుట మిక్కిలి యరుదు.

1565వ సంవత్సరపు యుద్ధానంతరము విజయనగరము పాడుపడెను. తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగా జేసికొనెను. పిదప నా వైభవమును గడచినది. కోటగోడలు శిథిలమైనవి, తిమ్మన్న పేరు మాత్రము నిలిచినది.

అతని విద్యయు తెలుగునాట నశింపలేదు. భారతదేశపు మొదటి జాతీయ చదరంగపు పోటీ 1955లో మన ఏలూరునందే జరిగెను. రామచంద్ర సప్రే, డి. వెంకయ్య గార్లు సమముగా విజేతలైరి. గుంటూరు బాలుడగు పెంటేల హరికృష్ణ 2001లోను, కోనేరు హంపి 2002లోను గ్రాండ్‌మాస్టరు బిరుదము నొందిరి. హంపి 2019లోను 2024లోను ర్యాపిడ్ చదరంగమున మహిళా ప్రపంచ విజేతయై తెలుగువారి కీర్తిని దేశదేశముల వ్యాపింపజేసెను.

హిందూపురము, ధర్మవరము, పెనుకొండల బాలబాలికలారా! మీరు బల్లయొద్ద గూర్చుండునపుడు తిమ్మన్నను దలంపుడు: ఎదుటివాడు గొప్పవాడని వెఱచి ఎత్తు మార్చుకొనకుడు. ఓడినయెడల రాయలను దలంపుడు: గెలిచినవానిని మనసార మెచ్చుకొనుడు. ఈ రెండును నేర్చినవాడు, ఆట యెట్లు ముగిసినను, నష్టపోడని మా దృఢ విశ్వాసము.