లుబ్ధావధానులకు ప్రాణము పోసిన నటుడు

ప్రేక్షకుని నవ్వించుట కష్టము. ఏవగింపదగిన పాత్రతో నవ్వించి, ఆ నవ్వు ముగియకమునుపే జాలి పుట్టించుట మరింత కష్టము. ఆ పని చేయగలిగిన కొలదిమంది తెలుగు నటులలో గోవిందరాజుల సుబ్బారావుగారొకరు.

వీరు 1895లో జన్మించిరి. వృత్తిచే హోమియోపతి వైద్యులు. తెనాలి నాటకరంగమున పేరు గడించి, నలుబదేండ్లు దాటిన పిదప వెండితెరకు వచ్చిరి. అందుచే నాయక వేషములు తప్పిపోయినవి. తెలుగు చలనచిత్రమునకు మాత్రము గొప్ప ముసలివారు లభించిరి! 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారి ‘మాలపిల్ల’లో సుందరరామశాస్త్రి, 1947లో ‘పల్నాటి యుద్ధము’లో బ్రహ్మనాయుడు, 1949లో ‘గుణసుందరి కథ’లో షేక్స్పియరు లియరు రాజును తలపించు తండ్రి వీరే. 1950లో వచ్చిన ‘షావుకారు’లో చెంగయ్య పాత్ర వేరొక తీరు. ధనాశ ఇరుగుపొరుగుల స్నేహమునెట్లు చెరచునో చూపుచునే, ఆ పిసినిగొట్టును కేవలము దుష్టుని గానీయలేదు.

ఈ సాధన యంతయు 1955లో పి. పుల్లయ్యగారి ‘కన్యాశుల్కము’నకు అక్కరకు వచ్చినది. ఆ చిత్రమున గిరీశముగా రామారావుగారు, మధురవాణిగా సావిత్రిగారు, రామప్పపంతులుగా సి.ఎస్.ఆర్. గారు నటించిరి. అట్టివారి నడుమ లుబ్ధావధానులు మరుగున పడవలసిన పాత్ర. పడలేదు.

ఆ పాత్రలోని చిక్కు గమనింపుడు. పసిపిల్లను డబ్బుకు కొని పెండ్లాడగోరిన వృద్ధుడాతడు. అతని ఇంటనే విధవయైన కుమార్తె యున్నది. క్షమింపదగినవాడు కాడు. చౌకగా దొరికిన పెండ్లికూతురు ఆడువేషము వేసిన బాలుడని మనకు దెలియును, అతనికి దెలియదు. ఇంతవరకు కథ హాస్యమే. వధువు మాయమైన పిదప హత్యానేరము మీద పడినప్పుడు ఆ హాస్యము చేదగును. సామాన్య నటుడైనచో మొదటి భాగమున వెకిలిచేష్టలతో, రెండవ భాగమున ఏడుపుతో పని ముగించియుండును. సుబ్బారావుగారు రెంటను ఒక్క ముసలివానినే చూపిరి. పైకము లెక్కించుకొను ఆశ యెంత నిజమో, పోలీసుల భయమంత నిజము. ఆయన నవ్వు కొరకు యాచింపలేదు. జాలి కొరకును యాచింపలేదు. రంగస్థలముపై ఎలుగెత్తి పలుకుటకు అలవడిన నటుడు చిత్రగ్రాహక యంత్రము ముందు ఇంత నిగ్రహము చూపుట, నా దృష్టిలో, ఆ చిత్రమునకు గల విశేషములలో మొదటిది. గిరీశమును మెచ్చువారు దీనికొప్పుకొనకపోవచ్చును.

1892లో విజయనగరమున తొలిసారి ప్రదర్శితమైన గురజాడవారి నాటకమును నేడు పాఠముగా చదువు విద్యార్థి, తార్నాక చెంత ఉస్మానియా ప్రాంగణమున నుండనీ, తెనాలి బడిలో నుండనీ, లుబ్ధావధానులను పుటపై చూచినపుడు పరిహాసపాత్రముగానే తలచును. పిదప చిత్రము చూచినచో, తగిన శాస్తి జరిగినదని చప్పట్లు కొట్టబోయి చేయి వెనుకకు తీసికొనును.

సుబ్బారావుగారు 1959లో కన్నుమూసిరి. ఇరువదేండ్ల చిత్రజీవితమున వారు ధరించిన పాత్రలు కొలదియే. లుబ్ధావధానులు వానిలో చివరివాటిలోనిది.