అమ్మ తలగాయం, సిడ్‌కప్‌లో డాక్టర్ గిల్లీస్

కిందటేడు మా అమ్మ నెత్తిమీద కణితి తీసేశారు. తీసిన చోట అరచేతిలో సగం మేర చర్మం పోయి, మధ్యలో పుర్రె ఎముక బయటపడింది. తొడ మీది చర్మం తీసి అతికిస్తే సరిపోతుందనుకున్నాం. కుదరదన్నారు డాక్టరమ్మ. ఎముకను అంటుకుని ఉండే పల్చటి పొర మిగిలి ఉంటేనే ఆ అతుకు బతుకుతుందట. ఒట్టి ఎముక మీద దానికి రక్తం అందదు. పైగా బతికినా అక్కడ జుట్టు రాదు. ఆవిడ కాగితం మీద గాయాన్ని గుండ్రంగా గీసి, దాని పక్కనుంచి చెవి వెనక దాకా ఓ పెద్ద వంపు వేశారు. అంత మేర తలచర్మాన్ని రక్తనాళాలతో సహా లేపి, తిప్పి, గాయం మీదకు జరుపుతారు. తలచర్మం పెద్దగా సాగదు కాబట్టి కోత గాయానికి ఎన్నో రెట్లు ఉండాలి. అంత కోతేమిటని అమ్మ ఆ రాత్రి నిద్రపోలేదు.

మేముండేది లండన్‌కు ఆగ్నేయంగా, సిడ్‌కప్ దగ్గర్లో. ఈ విద్యను గాడిన పెట్టిన హెరాల్డ్ గిల్లీస్ పనిచేసింది ఇక్కడేనని ఆ వారంలోనే తెలిసింది. అమ్మకు రోజూ కాస్త కాస్త చదివి చెప్పాను.

ఆయన 1882లో న్యూజిలాండ్‌లోని డనీడిన్‌లో పుట్టారు. కేంబ్రిడ్జిలో చదివారు, 1904 పడవ పందెంలో తెడ్డు వేశారు, గోల్ఫ్ బాగా ఆడేవారు. మొదట చెవి, ముక్కు, గొంతు డాక్టరు. 1915లో యుద్ధం కోసం ఫ్రాన్స్ వెళ్లారు. పారిస్‌లో మోరెస్టాఁ అనే సర్జన్ ఒకరి ముఖం మీది కేన్సర్ గడ్డ తీసి, పక్క చర్మాన్నే తిప్పి ఆ గోతిని కప్పడం చూశారు. ఇది విన్నాక అమ్మ లేచి కూర్చుంది.

తిరిగొచ్చి ఆల్డర్‌షాట్ సైనిక ఆసుపత్రిలో ముఖం దెబ్బతిన్నవాళ్ల కోసం వార్డు తెరిపించారు. అలాంటి క్షతగాత్రులను తన దగ్గరికే పంపాలని సొంత డబ్బుతో చిరునామా చీటీలు కొని యుద్ధరంగానికి పంపారు. 1916లో సోమ్ యుద్ధం మొదలయ్యాక, 200 మంది వస్తారనుకుంటే సుమారు 2,000 మంది వచ్చారు. చోటు చాలక 1917లో సిడ్‌కప్‌లో క్వీన్స్ ఆసుపత్రి తెరిచారు. అక్కడి వార్డుల్లో అద్దాలు ఉండనిచ్చేవారు కాదు. ఊళ్లో కొన్ని బెంచీలకు నీలిరంగు వేశారు, అక్కడ కూర్చునేది ఎవరో జనానికి ముందే తెలిసేలా. అది దయో, దూరం పెట్టడమో నాకిప్పటికీ తేలలేదు.

1917 అక్టోబరులో విలియం వికరేజ్ అనే నావికుడు ఆపరేషన్ బల్ల మీద ఉన్నాడు. జట్లాండ్ సముద్రయుద్ధంలో ముఖం కాలిపోయినవాడు. ఛాతీ నుంచి లేపిన చర్మం అంచులు లోపలికి ముడుచుకోవడం గిల్లీస్ గమనించారు. ఆ అంచులను కలిపి గొట్టంలా కుట్టేశారు. లోపలి పచ్చి భాగం మూసుకుపోయి చీము పట్టే భయం తగ్గింది, రక్తమూ అందింది. ఒడెస్సాలో ఫిలాటోవ్ అంతకుముందే ఇలా చేశాడు గానీ, ఆ సంగతి ఈయనకు తెలియదు. తర్వాత కొన్ని దశాబ్దాల పాటు తలమీది పెద్ద గాయాలకూ దారి ఇదే. పొట్ట మీద గొట్టం తయారుచేసి, దాన్ని మణికట్టుకు అతికించి, ఆ చేతిని తలదాకా ఎత్తి కట్టేవారు. నెలల తరబడి పని. కాలిఫోర్నియాలో ఇద్దరు సర్జన్లు కడుపులోని కొవ్వుపొరను తలగాయం మీద పెట్టి, మైక్రోస్కోపు కింద రక్తనాళాలు కలిపిన సంగతిని 1972లో ప్రచురించారు. ఆ తర్వాతే గొట్టం అవసరం తగ్గుతూ వచ్చింది.

ఒక సంగతి అమ్మకు చెప్పాలా వద్దా అని తటపటాయించాను. లమ్లీ అనే యువ పైలట్ ముఖమంతా ఒకేసారి కప్పాలని గిల్లీస్ ఛాతీ నుంచి పెద్ద ముక్క తీసి పెట్టారు. అది కుళ్లిపోయింది. 1918లో ఆ అబ్బాయి చనిపోయాడు. అప్పటినుంచి గిల్లీస్ ఒక్కరోజులో అంతా చేయాలనుకోకుండా, అంచెలంచెలుగా చేయడం మొదలుపెట్టారు. చివరికి చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు డాక్టరమ్మను తనే అడిగింది, తనకు ఒక్కసారే చేస్తారా, ఆగి ఆగి చేస్తారా అని. అంచుల్లో కణితి మిగల్లేదని ల్యాబ్ నుంచి రిపోర్టు వచ్చాకే కప్పుతామన్నారు. అందాకా డ్రెస్సింగే.

గిల్లీస్ బృందం సిడ్‌కప్‌లో 11,000కు పైగా ఆపరేషన్లు చేసింది. అయినా ఆయనకు సర్ బిరుదు 1930 దాకా రాలేదు. రెండో యుద్ధంలో కాలిపోయిన పైలట్లను బాగుచేసిన మెకిండో ఈయన బంధువే. 1960 ఆగస్టులో, 78 ఏళ్ల వయసులో, ఒక అమ్మాయి కాలికి ఆపరేషన్ చేస్తూండగా పక్షవాతం వచ్చి, సెప్టెంబరులో పోయారు.

రెండు వారాలాగి రిపోర్టు వచ్చింది. ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. ఇప్పుడు గాయం మీద జుట్టు వస్తోంది గానీ, చర్మం తిప్పారు కదా, అక్కడి వెంట్రుకలు పక్కకు పెరుగుతున్నాయి. అమ్మ పాపిడి ఎడమవైపుకు మార్చుకుంది. సంక్రాంతికి ఊరికెళ్లేలోపు జడ అందుతుందా అని రోజూ అద్దంలో చూసుకుంటోంది.