సహరీకి ఒక్కడే కూసున్న పోరనికి మఖ్దూం కథ

పోయిన రంజాన్ల ఒకనాడు రాత్రి మూడున్నరకు నా ఫోను మోగింది. జేసింది మా గల్లీ పోరడు. కల్వకుర్తిల ఇంటరు దాంక చదివి, హైదరాబాదుల ఒక పెద్ద యూనివర్సిటీల సీటు గొట్టిండు. వాళ్ల ఖాందాన్ల యూనివర్సిటీ గడప దొక్కిన మొదటోడు వాడే. నాయిన లారీల మెకానిక్కు. అమ్మ కుట్టుమిషన్ మీద ఇల్లు నడుపుతది.

గంత రాత్రి ఫోనంటె గుండె జల్లుమన్నది. ఏమైందిరా అంటె, ఏం గాలే చిచ్చా, ఊకెనే జేసిన అన్నడు. జరసేపటికి అసలు సంగతి బైటపెట్టిండు. మెస్సు తెల్లారినంక గాని తెరువరు. నాలుగు రోజుల సంది బిస్కట్లు తిని, నీళ్లు తాగి ఒక్కపొద్దు ఉంటుండు. ఇఫ్తారుకు రూముల ఒక్కడే ఖజూర పండు ముందర పెట్టుకొని అజాను కోసం ఫోను దిక్కు సూస్తుండు. వార్డెన్ను అడుగుదామంటె ఏమనుకుంటడో అని భయం. పక్క మంచాలోళ్లు మంచోళ్లే, గని వాళ్లకు చెప్పాల్నంటె సిగ్గు. ఆకలికి ఓర్చుకుంటడట, ఒక్కడే కూసుండి తినుడే గొంతుల దిగుతలేదట. చదువు ఇడిసిపెట్టి ఊరికొస్త అన్నడు.

నేను పెద్ద చదువులు చదివినోణ్ని గాదు. పది అయినంక సైకిలు పంక్చరు దుకాన్ల కూసున్న. అలీఫ్ బే మజీదుల మౌల్వీసాబ్ దగ్గర, అఆలు సర్కారు బల్లె నేర్సుకున్న. మిగిలిన చదువంత లైబ్రరీల, పాత పేపర్ల. హాస్టల్ బతుకు ఎట్లుంటదో నాకు ఎర్క లేదు. అందుకే నాకు తెలిసిన ఒక హాస్టల్ పిల్లగాని కథ వానికి చెప్పిన. తొంభై ఏండ్ల కింది కథ. ఆ పిల్లగాని పేరు మఖ్దూం మొహియుద్దీన్. వానికి చెప్పిందే మీకూ చెప్తున్న. మీల సుత శానమంది ఊరిడిసి క్యాంపసులల్ల ఉంటున్నోళ్లే గదా.

మఖ్దూం అంటె మనోళ్లకు తెలిసింది తక్కువ. హిమాయత్‌నగర్ల కమ్యూనిస్టు పార్టీ ఆఫీసుకు ఆయన పేరున్నది. 1982ల వచ్చిన బజార్ సినిమాల ఆయన గజల్ ఇప్పటికీ పెండ్లి మెహఫిళ్లల్ల పాడుతరు. పాడేటోళ్లల్ల శానమందికి అది మన తెలంగాణ మనిషి రాసిందని ఎర్క లేదు.

1908 ఫిబ్రవరి 4 నాడు ఆందోల్ల పుట్టిండు. అప్పుడది మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. చిన్నగున్నప్పుడే తండ్రి పోయిండు. తల్లి మల్ల నిఖా చేసుకున్నది. పోరణ్ని చాచా బషీరుద్దీన్ సాకిండు. దీన్ బాగ పాటించే ఇల్లు. ఖురాన్ చదువాలె, ఐదు పూటల నమాజుకు పోవాలె. మజీదు ఊడ్సుడు, నమాజుకొచ్చేటోళ్ల వుజూకు నీళ్లు తోడిపెట్టుడు సుత ఆ పోరని పనే. తండ్రి లేని పిల్లగాడు చీపురు పట్టుకొని మజీదు సాపు జేసే బొమ్మను మనసుల ఉంచుకోన్రి. నీళ్లు తోడినోనికి ఆ నీళ్లతోని కాళ్లు గడుక్కునేటోడు ఎవడో తెల్వదు. ఎవలన్న గాని, వాళ్ల కోసం తోడిపెట్టాలె. ఆయనకు దీన్ల పడ్డ మొదటి పాఠం ఇదే అని నేననుకుంట.

రెండో పాఠం చాచా చెప్పిండు. రష్యాల విప్లవం వచ్చిన రోజులవి. ఆ దేశంల ఉన్నోడు లేనోడు అందరు ఒక్క దస్తర్‌ఖాన్ మీద కూసుండి తింటున్రట అని చాచా ఇంట్ల ముచ్చట చెప్పేటోడు. చాచా కమ్యూనిస్టు గాదు, నమాజీ. ఆయనకు ఆ ఖబరు దీన్‌కు ఉల్టా అనిపియ్యలే. తిండి దగ్గర అందరు సమానం అనే మాట ఆయన మజీదుల విన్నదే గదా. దస్తర్‌ఖాన్ అనే ఆ మాట పోరని చెవిల పడ్డది, సచ్చేదాంక పోలే.

మెట్రిక్ అయినంక 1929ల హైదరాబాదుకొచ్చిండు. చేతుల పైసల్లేవు. ట్యూషన్లు చెప్పిండు, సినిమా తారల ఫోటోలు అమ్మిండు, పత్రికలల్ల పని జేసిండు. అట్లనే ఉస్మానియాల చేరిండు. మనం ఇప్పుడు ఫోటోలు దిగే ఆర్ట్స్ కాలేజీ రాతి భవనం అప్పటికింక లేదు, అది 1939ల తెరిచిన్రు. ఉస్మానియాను 1918ల ఉర్దూ మీడియంల మొదలువెట్టిన్రు. తర్జుమాకు ఒక దఫ్తరే పెట్టి సైన్సు, చరిత్ర, న్యాయం పుస్తకాలు ఉర్దూలకు మార్పిచ్చిన్రు. ఆందోల్ కెల్లి వచ్చిన గరీబు ముసల్మాన్ పోరనికి అది పెద్ద ఆసరా. అదే గేటు కాడ తెలుగు ఇండ్లల్ల పుట్టిన రైతుబిడ్డలకు ఉర్దూ గోడ లెక్క అడ్డమొచ్చింది, అది సుత నిజమే. ఇయ్యాల ఇంగ్లీషు గోడ ఇద్దరికీ అడ్డమున్నది.

గంత గరీబోడు క్యాంపసుల ఎట్ల నిలబడ్డడు? నవ్విపిచ్చి నిలబడ్డడు. 1933ల ఒక తోటి విద్యార్థి పసుపుపచ్చ శాలువా మీద ఎగతాళిగ ఒక పాట గట్టిండు. అది హాస్టల్ల పోరగాండ్ల నోళ్లల్ల నానింది. ఆయన కవిత్వానికి అదే మొదలు. మరుసటేడు బెర్నార్డ్ షా నాటకాన్ని ఉర్దూలకు మార్చి ఆడిన్రు. అప్పుడు హైదరాబాదుకొచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ అది చూసి మెచ్చుకున్నడు. 1934ల బీఏ, 1936ల ఎంఏ అయిపోయినయి.

తమ్మీ, ఆయన పేరున్నోడై దోస్తులను సంపాయించలే. ముందు దోస్తులను చేసుకున్నడు, పేరు ఎనుక వచ్చింది. జేబుల పైస లేకున్నా పక్కోని తలుపు కొట్టే ధైర్యం ఆయనకుండె.

క్యాంపసుల మొక్కుకునే జాగ కోసం కొట్లాట ఇయ్యాల్టిది గాదు. మఖ్దూం చదువు అయిపోయిన రెండేండ్లకు, 1938ల, అదే ఉస్మానియా హాస్టల్ల హిందూ విద్యార్థులు ప్రార్థన గదిల వందేమాతరం పాడిన్రు. పాడొద్దన్నరు, వినకపోతె గుంపులు గుంపులుగ తీసేసిన్రు. శానమంది నాగపూర్ పోయి చదువు పూర్తి జేసుకున్నరు. ఆ కొట్లాటల పేరు తీసేస్తె నాగపూర్ పోయినోళ్లల్ల పీవీ నరసింహారావు సుత ఒకడు. అప్పుడు రాజు ముసల్మాన్, బాధ పడ్డది హిందూ పోరగాండ్లు. ఈ సంగతి మన ముసల్మాన్ పిల్లలు తెల్సుకోవాలె. జాగ అడిగేటోడు ఏ కాలంల ఎవడైతడో చెప్పలేం. ఇయ్యాల నీకు దొరికిన జాగను రేపు ఇంకోని కోసం నువ్వే అడగాలె.

ఎంఏ అయినంక కొన్నాళ్లకు మఖ్దూం సిటీ కాలేజీల ఉర్దూ పాఠాలు చెప్పే నౌకరీ సంపాయించిండు. నెల జీతం, ఇజ్జత్ ఉన్న కొలువు. మనోళ్లయితె గక్కడితోని ఆగుతరు. ఆయన ఆగలే. రాజ్ బహదూర్ గౌర్ అసోంటి దోస్తులతోని కామ్రేడ్స్ అసోసియేషన్ల కలిసి పనిజేసిండు. ఎనుక నౌకరీకి రాజీనామా పెట్టి కార్మికుల నడుమకు పోయిండు. 1944ల మొదటి కవితల పుస్తకం సుర్ఖ్ సవేరా వచ్చింది. 1946ల హైదరాబాదు కార్మిక సంఘాలన్నీ కలిసి పెట్టుకున్న ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు ఆయనే ముందుండె. 1947 సెప్టెంబర్ 11 నాడు నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపిచ్చిన ముగ్గురిల రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డితో పాటు మూడో మనిషి మఖ్దూం.

రజాకార్ల దినాలవి. ముసల్మాన్ అయితె నిజాం దిక్కే ఉండాలె అనేటోళ్లు ఎక్కువ. ఉస్మానియాల చదివిన షోయబుల్లాఖాన్ తన ఇమ్రోజ్ పత్రికల రజాకార్లను తప్పు పట్టిండని 1948 ఆగస్టుల నడిరోడ్డు మీద నరికి సంపిన్రు. గసోంటి కాలంల మఖ్దూం రైతుకూలీల దిక్కు నిలబడ్డడు. మజీదు ఊడ్చిన చేతులే అవి. ఎవలికోసం నీళ్లు తోడుతున్నవని చిన్నప్పుడు అడగనోడు, పెద్దగైనంక ఎవల బువ్వ కోసం కొట్లాడుతున్నవని ఏం అడుగుతడు?

అండర్‌గ్రౌండ్ల తిరిగిండు, జైల్ల పడ్డడు. 1952 ఎన్నికలల్ల హైదరాబాదు పట్నంల ఓడిపోయిండు. అదే ఏడు హుజూర్‌నగర్ ఉప ఎన్నికల గెలిచిండు. అప్పుడది నల్లగొండ జిల్లా, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. పట్నంల ఉర్దూ సదివే జనం ఓడగొట్టిన ఉర్దూ కవిని ఉర్దూ చదువరాని తెలుగు పల్లెలోళ్లు గెలిపిచ్చిన్రు. ఆ ఓట్లేసిన ముసలోళ్లకు ఆయన గజళ్లు అర్థమైనయా అంటె, కాకపోవచ్చు. తమ దస్తర్‌ఖాన్ మీద కూసున్న మనిషని అర్థమైంది.

తర్వాత శాసన మండలిల ఏండ్లకేండ్లు ఉన్నడు. 1969ల బిసాతె రక్స్ పుస్తకానికి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అదే ఏడు ఆగస్టు 25 నాడు ఢిల్లీల పాణం ఇడిసిండు. తెచ్చి హైదరాబాదుల షా ఖామోష్ దర్గా ఖబరస్తాన్ల మన్ను చేసిన్రు. దోస్తు రాజ్ బహదూర్ గౌర్ తన ఇంటికి మఖ్దూం పాటల మాటతోని చంబేలి కా మండ్వా అని పేరు పెట్టుకున్నడు. అంటె మల్లె పందిరి. హిందూ ఇంట్ల పుట్టినోని గేటు మీద ముసల్మాన్ దోస్తు మాట. ఖాళీ కడుపుల రోజులల్ల మొదలైన దోస్తీలు గింత దూరం నడుస్తయి.

ఇగ మా పోరడు ఫోన్ల ఒక సవాలు అడిగిండు. చిచ్చా, ఆయన కమ్యూనిస్టు గదా, నమాజుకు పోయేటోడా? నాకెందుకు చెప్తున్నవ్? మంచి సవాలే. నేను అబద్ధం చెప్పలే. పెద్దగైనంక ఆయన నమాజీ లెక్క బతకలే. మౌల్వీసాబులు ఆయనను ఒప్పుకోరు. నా ఎర్రజెండా దోస్తులేమో ఆయన చిన్నప్పటి మజీదును, చీపురును కథలకెల్లి కోసేస్తరు. ఇద్దరూ సగం మనిషినే చూపిస్తున్నరు. ఆయన ఈమాన్ ఎంతనో లెక్కగట్టుడు అల్లా పని, నాది గాదు. నువ్వు రోజా ఉండు, నమాజు చెయ్యి, గట్టిగ ఉండు. నేను మఖ్దూం దగ్గర తీసుకొమ్మనేది ఒక్కటే. రూహ్ ఒక్కడే తలుపేసుకుంటె నిలవది. జమాతుతోని నమాజు, నలుగురితోని ఇఫ్తారు మన పెద్దలు ఊకెనే పెట్టలే.

మన పాలమూరు ఊర్లల్ల ఇది కొత్త ముచ్చట గాదు. పీర్ల పండుగకు డప్పు కొట్టేది ఎవలు, పీరు ఎత్తేది ఎవలు? రంగాపూర్ల నిరంజన్ షావలీ ఉర్సుకు, పక్కనే ఉమామహేశ్వరం జాతరకు ఒక్కటే ఆటోల పోయేటోళ్లం. ఊర్లె ఎవలు చెప్పకున్నా అందరికీ అన్నీ ఎర్కనే. క్యాంపసుల అట్ల గాదు. అక్కడ నువ్వు నోరు తెరిచి చెప్పకపోతె, పక్క మంచపోనికి నువ్వు పొద్దంత నీళ్లు తాగలేదని తెల్వనే తెల్వది.

తెల్లారి పోరడు పక్క మంచపోనికి చెప్పిండు. దేవరకొండ దిక్కు తండా పోరడట. ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదని తిట్టిండట. ఇద్దరు కలిసి తిరిగితె అదే హాస్టల్ల బిస్కట్ల మీద రోజా ఉండేటోళ్లు ఇంకో ఆరుగురు బైటపడ్డరు. ఎవనికి వాడు నేనొక్కణ్నే అనుకుంటుండు. అందరు కలిసి దరఖాస్తు రాసిన్రు, ఒక్కపొద్దు లేనోళ్లు సుత దస్తకతు పెట్టిన్రు. మెస్సు నాలుగింటికి తెరువలే గని, రాత్రే రొట్టెలు, కూర కట్టిచ్చుడు మొదలువెట్టిన్రు. తండా పోరడు అలారం పెట్టుకొని వీళ్లను లేపేటోడు.

అంత మంచిగైందని చెప్ప. ఆడపిల్లల హాస్టల్ల ఆ డబ్బాలు ఆఖరి వారం దాంక అందలే. నమాజుకు జాగ వాళ్లకు ఇంక లేదు. మొగపోరగాండ్లు జుమ్మాకు బైట మజీదుకన్న పోతరు, ఆడపిల్ల రూము మూలకు దుప్పటి పరుసుకోవాలె. దరఖాస్తుల మొదలు వాళ్ల పేర్లు రాయాల్సిందని మా పోరనికే చెప్పిన. వచ్చే రంజాన్‌కు ముందుగాల వాళ్లతోనే మాట్లాడుతమన్నడు. చూడాలె.

మీ ఊరికెల్లి ఈ ఏడు ఎవలన్న పట్నం క్యాంపసుకు పోతుంటె, ఫీజు కట్టినవా అని ఎట్లనో అడుగుతరు. ఎవలితోని తింటున్నవ్ అని సుత అడుగున్రి. మీరే క్యాంపసుల ఉంటె, మీ వరుసల మూసిన తలుపు ఒక్కటన్న ఉంటది. అది కొట్టి చూడున్రి.

మా పోరడు చదువు ఇడిసిపెట్టలే. ఈద్‌కు ఊరికొచ్చినప్పుడు తండా పోరణ్ని ఎంటబెట్టుకొచ్చిండు. వాళ్లమ్మ షీర్ ఖుర్మా రెండు గిన్నెలు పోసి ఇద్దరి ముందర పెట్టింది.